ఒకరి గోడు విన్న తరువాత



మా అమ్మమ్మ మడికొండలో చేదబావి నుంచి నీళ్ళు మోసేది. బిందె ఎత్తుకునే ముందు పాతచీరె పీలికను గుండ్రంగా చుట్టి నెత్తిన పెట్టుకునేది. దాన్ని మా వైపు చుట్టబట్ట అంటాం, కొన్నిచోట్ల చుట్టకుదురు అంటారు. తొందరలో నేను అది లేకుండా బిందె ఎత్తుకోబోతే కసిరేది. "బరువు మొయ్యొచ్చు బిడ్డా, బరువుకూ నెత్తికీ నడుమ ఏమన్న ఉండాలె. లేకుంటే నాలుగొద్దులకే మెడ పడతది" అనేది.

అమ్మమ్మ పోయింది, బావి పూడిపోయింది, ఇంటింటికీ నల్లా వచ్చింది. ఆ మాట మాత్రం నాకు మూడేళ్ళ కిందట మళ్ళీ గుర్తొచ్చింది. నేను నీళ్ళు మోయడం లేదు గానీ, ఇతరుల కష్టాలు మోస్తున్నాను. నడుమ చుట్టబట్ట లేకుండా మోస్తున్నాను!

సంగతి చెబుతాను. నేను చదివింది పదో తరగతి. ఇల్లు చూసుకుంటూ, అప్పుడప్పుడూ ఇలా రేడియోలో నాలుగు మాటలు మాట్లాడుతుంటాను. పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక, హనుమకొండలో మహిళలు నడిపే ఒక కుటుంబ సలహా కేంద్రానికి వారానికి రెండు రోజులు సాయంగా వెళ్ళడం మొదలుపెట్టాను. నాకు కొద్దిరోజులు శిక్షణ ఇచ్చారు. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, వాళ్ళు చెప్పేది మొదట విని, రాసుకుని, అసలు కౌన్సెలర్ గారి దగ్గరకు పంపడం నా పని. వినడమే కదా, అదేం పెద్ద పనా అనుకున్నాను. పప్పు రుబ్బే పనా, బట్టలుతికే పనా?

వింటే తెలిసింది, అది ఎంత పనో! తాగివచ్చి కొట్టే భర్త, కట్నం చాలలేదని పుట్టింటికి పంపిన అత్తవారు, ఆస్తి రాయించుకుని అన్నం పెట్టని కొడుకు. ఒక్కొక్కరు చెప్పి, ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, "నీతోని చెప్పుకున్నంక పానం జర తేలికైందక్కా" అని లేచిపోయేవారు. తేలికైన ఆ బరువు ఎటు పోయింది? గాలిలో కలిసిపోదు కదా! అది నాతో బస్సెక్కి మా ఇంటికొచ్చేది.

మొదట్లో నాకదేమీ తెలియలేదు. వచ్చినవాళ్ళందరికీ నా సొంత ఫోను నంబరు ఇచ్చాను. రాత్రి పదకొండింటికి ఫోను, తెల్లవారుజామున ఫోను. ఫోను రాని రాత్రి మరీ భయం, ఏమైందోనని. పాలు పొంగిపోయేవి, కూర మాడేది. తలనొప్పి మాత్రలు సరుకుల చిట్టాలో చేరాయి. ఒక సాయంత్రం ఇంటర్ చదివే మా అమ్మాయి వంటింటి గడపలో నిలబడి, "అమ్మా, నీతో ఒకటి చెప్పాలె" అంది. "పొద్దటి నుంచి ఊరందరి గోల విని వచ్చిన, ఇంక నీ గోల కూడానా?" అన్నాను. పిల్ల ఏమీ అనలేదు. తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత నెల రోజులు నాతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే కాబోలు.

అంతకంటే పెద్ద తప్పు కేంద్రంలోనే జరిగింది. అది నా తప్పు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, మరొకరికి పనికొస్తుందని చెబుతున్నాను. ఆమె ఎవరో, ఏ ఊరో చెప్పను. గుర్తుపట్టడానికి వీల్లేకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను కూడా.

ఆ రోజు జనం ఎక్కువ. ఆమె వచ్చేసరికి సాయంత్రం నాలుగు దాటింది. చెంగు నిండా కప్పుకుని కూర్చుంది. "మా ఆయన మంచోడే అక్కా, తాగితెనే మనిషి కాడు" అని మొదలుపెట్టింది. నేను గోడ గడియారం వైపు చూశాను. మధ్యాహ్నం నుంచి వింటున్న మాటే కదా ఇది! ఆమె చెప్పడం పూర్తికాకముందే నా నోట్లోంచి దానంతటది వచ్చేసింది: "పిల్లలున్నరు గదమ్మా, జర సర్దుకపోవాలె." ఆమె తలవంచుకుని "అట్లనే అక్కా" అని లేవబోయింది.

పక్క బల్ల దగ్గర కూర్చున్న పెద్ద కౌన్సెలర్ మేడమ్ లేచి వచ్చారు. "అమ్మా, ఆ చెయ్యి కొంగు కింద ఎందుకు దాచుకున్నవ్?" అని మెల్లగా అడిగారు. కొంగు తీస్తే మణికట్టు వాచి, నీలం తిరిగి ఉంది. అంతసేపూ నా ఎదుట ఉన్న చెయ్యి! నేను చూడలేదు. ఆ చేత్తో ఆమెను నేను ఆ ఇంటికే తిప్పి పంపబోయాను.

ఆమెను ఆస్పత్రికి పంపే ఏర్పాటు అయ్యాక, అందరూ వెళ్ళిపోయాక, మేడమ్ నన్ను కూర్చోబెట్టారు. తిడతారనుకున్నాను, తిట్టలేదు. "నువ్వు ఇయ్యాల ఆరుగురితోని మాట్లాడినవు. నాలుగో మనిషి దగ్గర్నే నీ చెవులు మూతపడ్డయి. నీది కఠినమైన మనసు కాదు, అలసిన మనసు. కానీ ఆ పిల్లకు రెండూ ఒకటే" అన్నారు. ఆ చివరి మాట నాకు గుండెల్లో దిగింది.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడ్డదట. వినేవారి అలసట వారి సొంత విషయం కాదు, ఎదుట కూర్చున్నవారికి ప్రమాదం. ఈ రోజు నేను మీకు చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

ఈ విషయం మా ఇంట్లోనే నాకు ముందే తెలిసి ఉండాల్సింది. మావారు కాజీపేటలో గూడ్సు బండ్లు నడిపే లోకో పైలట్. మడికొండకు కాజీపేట ఎంత దూరమో మీకు తెలుసు. ఇంజను కూత వినిపిస్తుంది. ఆయన డ్యూటీ ఎక్కేముందు లాబీలో సంతకం పెట్టాలి. తాగి రాలేదని గొట్టంలో ఊది చూపించాలి. బల్లార్షా దాకా బండి తీసుకెళితే వెంటనే తిరిగి రానివ్వరు. అక్కడ రన్నింగ్ రూములో భోజనం చేసి, నిద్రపోవాలి. పని ముగిశాక మళ్ళీ సంతకం. ఆ సంతకంతో బండి ఆయనది కాదు, మరొకరిది. ఇదంతా డ్రైవరు మీద ప్రేమతో పెట్టిన నియమం మాత్రమేనా? నిద్రచాలని డ్రైవరు సిగ్నలు చూడడు కాబట్టి పెట్టిన నియమం. నేను ఆరో మనిషి దగ్గర చూడనిది కూడా ఎర్ర సిగ్నలే. మరి నాకు రన్నింగ్ రూము ఏది?

ఈ పని మన దగ్గర ఎట్లా మొదలైందో ఒక్క మాట చెబుతాను. మన తెలుగింటి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలు. ఆ ఏడాదే చైనా వెళ్ళి వచ్చి, సంసారాల తగాదాలకు మామూలు కోర్టులు చాలవు, వేరే కుటుంబ న్యాయస్థానాలు కావాలని నెహ్రూగారితోనూ, పెద్ద న్యాయమూర్తులతోనూ చెప్పారు. ఆమె 1981లో కన్నుమూశారు, చట్టం 1984లో వచ్చింది. ఆ చట్టంలోనే సలహాదారుల ప్రస్తావన ఉంది. తర్వాత 2005లో గృహహింస నిరోధక చట్టం వచ్చింది. 2015 నుంచి వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్, తాత్కాలిక వసతి ఒక్కచోటే దొరికేలా సఖి కేంద్రాలు వచ్చాయి. ఇవన్నీ బాధపడే స్త్రీ కోసం వచ్చాయి, చాలా సంతోషం. అయితే వాటిలో కూర్చుని రోజంతా వినే స్త్రీ సంగతి ఎవరు చూస్తారు?

ఆ అలసటకు 1974లో న్యూయార్కులో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త 'బర్న్ అవుట్' అని పేరు పెట్టి రాశారు. ఉచిత వైద్యశాలలో పనిచేసే వాలంటీర్లలో ఆయన దాన్ని గమనించారు. ఆ అలసట ఆయనకూ అనుభవమే. నూనె అయిపోయాక వత్తి కాలిపోవడం చూస్తాం కదా, అదే! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో కూడా దీన్ని చేర్చారు. జబ్బు అనలేదు, పనిచోట ఒత్తిడిని సరిగా అదుపు చేయనందువల్ల వచ్చే స్థితి అన్నారు. మూడు గుర్తులు చెప్పారు. ఒకటి, శక్తి హరించుకుపోయినట్లు ఉండడం. రెండు, పని మీద విరక్తి, 'అందరూ ఇంతే' అనే ఎత్తిపొడుపు. మూడు, చేసే పనిలో నాణ్యం తగ్గడం. చూడండి, ఆ నాలుగు గంటల వేళ నాలో మూడూ ఉన్నాయి!

సరే, మరి ఏం చేయాలి? మేడమ్ దగ్గర నేను నేర్చుకున్నవి, చేసి చూసినవి మాత్రమే చెబుతాను.

మొదటిది, ఒకరికీ ఇంకొకరికీ నడుమ ఐదు నిమిషాల ఎడం. ఒక మనిషి లేచి వెళ్ళగానే మరొకరిని పిలవను. లేచి నిలబడతాను. మంచినీళ్ళు తాగుతాను. కిటికీ దగ్గరకు వెళ్ళి పది సార్లు ఊపిరి పీల్చి, పీల్చినదానికంటే నెమ్మదిగా వదులుతాను. మెడా భుజాలూ ఎంత బిగపట్టుకుని కూర్చున్నానో అప్పుడు తెలుస్తుంది. ఐదు నిమిషాలు దండగ అనుకోకండి. ఆ ఐదు నిమిషాలూ తర్వాత వచ్చే మనిషివి.

రెండోది, 'ఇందులో నా పని ఎంత?' అని మనసులో అడుక్కోవడం. ఆమె భర్త చేత తాగుడు మాన్పించడం నా పని కాదు. ఆమె జీవితాన్ని నేను బతకలేను. శ్రద్ధగా వినడం, ఆమెకున్న దారులు చూపించడం, ప్రాణభయం ఉంటే వెంటనే సరైన చోటికి చేర్చడం నా పని. ఆ పని పూర్తిగా చేస్తాను. మిగిలింది నాది కాదు. ఇది రాతిగుండె కాదమ్మా. నీళ్ళలో మునుగుతున్నవారికి గట్టున నిలబడి చెయ్యి అందించాలి గానీ, ఈత రాకుండా తానూ దూకితే ఇద్దరూ పోతారు.

మూడోది ఫోను. ఇప్పుడు నా సొంత నంబరు ఎవరికీ ఇవ్వను. రాత్రిపూట నేను ఒక్కదాన్ని ఎత్తగలిగే ఫోను కంటే, ఎప్పుడూ మనుషులుండే ఫోను మేలు కదా! ఆపదలో ఉన్న స్త్రీలకు 181, పోలీసు సాయానికి 112 అని కాగితం మీద పెద్ద అంకెలతో రాసి చేతికిస్తాను. మనసు బాగాలేనివారికి 14416 అనే టెలీ మానస్ నంబరు ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. డబ్బు కట్టనక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. వినేవాళ్ళం కూడా దానికి ఫోను చేసుకోవచ్చు. తప్పేం లేదు.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. వారానికోసారి మేడమ్‌తో కూర్చుని, ఆ వారం నన్ను పట్టి పీడించిన సంగతులూ, నేను చేసిన పొరపాట్లూ చెప్పుకుంటాను. 'ఆమె ఏడుస్తుంటే నాకు మా చిన్నక్క గుర్తొచ్చింది, అందుకని తొందరపడి సలహా ఇచ్చిన' అని చెప్పుకున్న రోజున నిద్రపట్టింది. కానీ ఇక్కడొక జాగ్రత్త ఉంది. బరువు దించుకోవడమంటే పక్కింటి అరుగు మీద కూర్చుని చెప్పుకోవడం కాదు. చెప్పినామె గుట్టు బయట పెడితే మనం ఆమెకు రెండో దెబ్బ కొట్టినట్టు. పేరు చెప్పకుండా, ఆ పని తెలిసిన పెద్దవారికే చెప్పుకోవాలి. మావారికి కూడా 'ఇయ్యాల మనసు బరువుగా ఉంది' అంటానే గానీ, ఎవరి సంగతో చెప్పను. ఆయన అడగరు. టీ పెట్టి ఇస్తారు, అది చాలు.

ఐదోది, దిగేముందు సంతకం. ఇది మావారి దగ్గర నేర్చుకున్నది. పని ముగిశాక రిజిస్టరు మూసేముందు రెండు వాక్యాలు రాస్తాను. ఇవాళ ఏం చేశాం, రేపు ఎవరు ఏం చూడాలి అని. రాశాక మూసేస్తాను. రాయనంత సేపూ అది తలలో తిరుగుతూనే ఉంటుంది, మరిచిపోతానేమోనని. తర్వాత బస్సెక్కుతాను. కాజీపేట బ్రిడ్జి దాకా ఏమైనా ఆలోచించుకోవచ్చునని నాకు నేను సెలవిచ్చుకున్నాను. బ్రిడ్జి దాటాక వద్దు. మెట్టుగుట్ట మీది జంట రాతిస్తంభాలు కనబడేసరికి ఈ రాత్రికి కూరేమిటి అన్నదే నా ఆలోచన. అన్ని రోజులూ కుదురుతుందని అబద్ధం చెప్పను. పది రోజుల్లో ఏడు రోజులు కుదురుతుంది.

ఇంటికొచ్చాక కాళ్ళు కడుక్కోకుండా లోపలికి రావద్దని మన పెద్దలు ఎందుకన్నారో గానీ, నాకు మాత్రం మంచి పని చేస్తోంది. నీళ్ళు పోసుకుంటూ 'ఇక ఇల్లు' అనుకుంటాను. పావుగంట నన్ను ఎవరూ ఏమీ అడగవద్దని ఇంట్లో చెప్పాను. ఆ పావుగంట తర్వాత మా అమ్మాయి దగ్గరకు నేనే వెళ్ళి కూర్చుంటాను.

ఇంత చెప్పి ఒక మాట దాచిపెడితే అన్యాయమవుతుంది. ఊపిరి పీల్చుకోవడాలూ, కాళ్ళు కడుక్కోవడాలూ అన్నింటికీ మందు కాదు. ముగ్గురు చేయవలసిన పని ఒక్కరి నెత్తిన పెట్టి, జీతం నెలల తరబడి ఇవ్వకుండా, 'ఒత్తిడి తగ్గించుకో తల్లీ, ధ్యానం చెయ్యి' అంటే అది ఎగతాళి. ఎంతమందిని చూడాలో ఒక లెక్క ఉండాలి. కష్టమైన కేసులన్నీ ఒకరికే రాకుండా పంచుకోవాలి. సెలవు అడిగితే నేరంలా చూడకూడదు. మా దగ్గర ఆ సంఘటన తర్వాత ఒక మనిషి ఒక పూటలో నలుగురికంటే ఎక్కువమందిని చూడవద్దని పెట్టుకున్నాం. ఐదో మనిషిని తిప్పి పంపం, మరొకరు చూస్తారు. మరొకరు లేకపోతే, కూర్చోబెట్టి టీ ఇచ్చి, ప్రమాదం ఉందా లేదా అన్నంత వరకే అడిగి, తెల్లారి మొదటి మనిషిగా పిలుస్తాం.

'మేం కౌన్సెలర్లం కాము కదా, మాకెందుకీ గొడవ' అనుకుంటున్నారా? మీ ఇంట్లో ఎవరు వింటారో ఒకసారి చూడండి. పుట్టింట్లో తగవు వస్తే పెద్దక్కకు ఫోను. మరిదికి ఉద్యోగం పోతే వదినగారి దగ్గర గోడు. అత్తగారి మోకాళ్ళ నొప్పి, ఆడపడుచు సంసారం, పిల్లవాడి పరీక్షలు అన్నీ వచ్చి వంటింట్లో చేరతాయి. బ్యాంకులో కూర్చునే అమ్మాయి, ఆస్పత్రి నర్సు, బడి పంతులమ్మ, అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, వీళ్ళంతా రోజూ పదిమంది విసుగునూ ఏడుపునూ నవ్వుముఖంతో భరించేవాళ్ళే. అమెరికాలో ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సమాజశాస్త్రవేత్త 1983లో విమానాల్లో పనిచేసే అమ్మాయిల మీద ఒక పుస్తకం రాశారు. లోపల ఎట్లున్నా పైకి నవ్వడం కూడా ఒక చాకిరీయే అన్నారు. మన ఇళ్ళలో ఆ చాకిరీకి జీతమూ లేదు, అది పని అన్న గుర్తింపూ లేదు.

అందుకని మీలో ఎవరికైనా వరుసగా రెండు వారాలు నిద్ర సరిగా లేకపోయినా, అయినదానికీ కానిదానికీ కోపం, ఏడుపు వస్తున్నా, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకున్నా, 'ఇది నా బలహీనత' అని దాచుకోకండి. డాక్టరును కలవండి. మా వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాస్పత్రులలో మానసిక వైద్యులుంటారు. జ్వరానికి వెళ్ళినట్టే వెళ్ళాలి. బతకాలని లేదు అన్న ఆలోచన వస్తే మాత్రం ఆ క్షణమే దగ్గరివారికి చెప్పాలి, ఒంటరిగా ఉండకూడదు.

మా మడికొండలో పెరిగిన కాళోజీ నారాయణరావుగారు తన కవిత్వానికి 'నా గొడవ' అని పేరు పెట్టుకున్నారు. లోకుల గొడవనంతా తన గొడవ చేసుకున్నారు. అంతటి మనసు ఉండడం గొప్పే. అయితే ఆయన దాన్ని లోపల కుక్కుకుని కూర్చోలేదు, కాగితం మీద పెట్టారు, నలుగురిలో నిలబడి చెప్పారు. పరుల గొడవ మనదనుకున్నప్పుడు, దాన్ని దించే చోటు కూడా మనమే చూసుకోవాలి.

మా అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. నెల తర్వాత ఒక రాత్రి నేనే అడిగాను, "ఆ రోజు ఏదో చెప్తనన్నవు, ఏంది బిడ్డా?" అని. "ఏం లేదమ్మా, అయిపోయింది" అంది. నేను లేవలేదు, అక్కడే కూర్చున్నాను. చాలాసేపటికి చెప్పింది. లెక్కల పరీక్షలో తప్పిందట, కాలేజీకి పోవాలంటే భయమేస్తోందట. ఆ నెల రోజులూ ఆ పిల్ల ఒక్కతే మోసింది, నడుమ ఏ చుట్టబట్టా లేకుండా. "నాకెందుకు చెప్పలేదే?" అనబోయి, నోరు మూసుకున్నాను. చెప్పింది కదా, గడపలో నిలబడి!

ఇప్పుడు లెక్కలకు ఒక టీచరు దగ్గరకు వెళుతోంది. నేను హనుమకొండకు వెళుతూనే ఉన్నాను, వారానికి రెండు రోజులే, పూటకు నలుగురే. ఆమధ్య నన్ను ఎవరో అడిగారు, "ఇన్ని కష్టాలు విని మీ మనసు మొద్దుబారలేదా?" అని. లేదు. ఐదు నిమిషాలు కిటికీ దగ్గర నిలబడి వచ్చాక, కొత్తగా వచ్చిన మనిషి ముఖం చూడడానికి ముందు, ఇప్పుడు చేతులు చూస్తాను.



(రేడియో మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)